తువ్వాలు మీద వేసిన నింద

ఆవిడను లాండ్రీలో అందరూ గంజక్క అంటారు. గంజి పెట్టి ఆరేసిన దుప్పటిలా నిటారుగా, బిర్రుగా నడుస్తుందని ఎవరో ఎప్పుడో ఎగతాళికి అన్న మాట అది. అన్నవాళ్లు పని మానేసి వెళ్లిపోయారు గానీ మాట మాత్రం ఆవిడకే అతుక్కుపోయింది. ఇప్పుడు సూపర్‌వైజరు హాజరు పట్టీ చూసి అసలు పేరు పిలిస్తే, అది తనదేనని గుర్తు రావడానికి ఆవిడకే ఒక క్షణం పడుతుంది.

ఆసుపత్రులకీ హోటళ్లకీ దుప్పట్లూ తువ్వాళ్లూ ఉతికే పెద్ద లాండ్రీ అది. షెడ్డు మధ్యలో అడ్డంగా ఒక గోడ ఉంటుంది. గోడకి ఒక పక్క మురికి వైపు, రెండో పక్క శుభ్రం వైపు. ఉతికే మిషన్లు ఆ గోడలోనే అమర్చి ఉంటాయి, ఒక్కోదానికి రెండు తలుపులు. మురికి వైపు తలుపు తీసి మూటలు లోపల పడేస్తే, గుడ్డలు మరిగే నీళ్లలో ఉడికి శుభ్రం వైపు తలుపులోంచి బయటికి వస్తాయి. ఇక్కడి గుడ్డ అక్కడికి, అక్కడి గుడ్డ ఇక్కడికి వేరే దారిలో పోవడానికి వీల్లేదు. కొత్తగా చేరినవాళ్లకి మొదటి రోజే చెప్పే పాఠం ఒకటే. మరకైనా రోగమైనా గుడ్డలోనే వస్తుంది, మరిగితేనే పోతుంది. ఏళ్ల తరబడి ఆ పాఠం వింటూ బతికిన మనిషి లోకాన్ని కూడా రెండు వైపులుగా చూడటంలో వింతేముంది? గంజక్క చూసింది. ఆవిడ చేసిన పొరపాటు లాండ్రీలో పనిచేసేవాళ్లు మాత్రమే చేయగల పొరపాటు.

ఆవిడది శుభ్రం వైపు, ఇస్త్రీ రోలరు దగ్గర పని. గోడకి అవతల మురికి వైపు మూటలు విప్పే ఆవిడ ఒకతె ఉండేది. గంజక్క కంటే ఐదేళ్లు చిన్న. చుట్టరికం ఏమీ లేకపోయినా ఇద్దరూ ఒకరినొకరు వదినా అని పిలుచుకునేవారు కాబట్టి, మిగతా అందరికీ ఆవిడ మూటల వదిన అయింది. ఆవిడ నోరు ఒక్క నిమిషం ఊరుకునేది కాదు. హోటల్ దుప్పట్లు చూసి, ఏ గదిలో కొత్త జంట దిగిందో, ఏ గదిలో మొగుడూ పెళ్లాం చెరో అంచున ముడుచుకుని పడుకున్నారో చెప్పేసి అందర్నీ నవ్వించేది. పొద్దున పనిలోకి రాగానే మూడో నంబరు మిషను తలుపు మీద రెండుసార్లు తట్టేది. ఇవతల నుంచి గంజక్క తిరిగి రెండుసార్లు తట్టాలి. తట్టకపోతే ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర మూతి ముడుచుకుని కూర్చునేది.

గుడ్డలకి గోడ కట్టిన యజమాని ఆడవాళ్లకి మాత్రం కట్టలేదు. బట్టలు మార్చుకునే గది రెండు వైపులవాళ్లకీ ఒక్కటే. ఒక స్నానాల అర, ఒక స్టూలు, గోడకి వరసగా కొక్కేలు. ఒకరోజు స్నానం చేశాక గంజక్కకి తన తువ్వాలు కనపడలేదు. పక్క కొక్కేనికి ఉన్న మూటల వదిన తువ్వాలు తీసుకుని తుడుచుకుంది. ఆవిడే వాడుకోమంది కూడా. అప్పటికి దాని గురించి ఎవరూ ఏమీ అనుకోలేదు.

వారం తిరిగేసరికి గంజక్కకి జ్వరం వచ్చింది. ఒళ్లంతా విరిచేసినట్టు నొప్పులు. గజ్జల్లో బిళ్లలు కట్టాయి. అక్కడ, ఆడవాళ్లు ఒకరికొకరు చెప్పుకోవడానికి కూడా సిగ్గుపడే చోట, సన్నటి నీటిపొక్కులు గుత్తులుగా లేచాయి. రెండు రోజుల్లో అవి చిట్లి పుండ్లయ్యాయి. మూత్రానికి వెళ్లాలంటే ప్రాణం పోయినంత పనయ్యేది. మంట తట్టుకోలేక మగ్గుతో నీళ్లు పోసుకుంటూ, పళ్లు బిగించుకుని కూర్చునేది. రోలరు వేడి దగ్గర నిలబడి నిలబడి వేడి చేసిందనుకుంది. చలవ చేసేవన్నీ తాగింది. మూడు వారాలకి మచ్చ కూడా లేకుండా మానిపోయింది. పీడ వదిలిందనుకుంది. ఐదు నెలల తర్వాత, ఒక మధ్యాహ్నం దుప్పటి అంచులు పట్టుకుని నిలబడి ఉండగా, ఎడమ తొడ లోపలి వైపు ఎవరో వేలి కొనతో గీసినట్టు జివ్వుమంది. మర్నాటికి మొదటిసారి వచ్చిన చోటే మళ్లీ నాలుగు పొక్కులు.

అప్పుడు భయం వేసింది. వేడి చేస్తే గుర్తుపెట్టుకుని అదే చోటుకి తిరిగి రాదు. ఇది ఎవరి దగ్గర నుంచో వచ్చిందే. ఎవరి నుంచి? ఆ ప్రశ్నకి రెండే దారులు కనపడ్డాయి. ఒకటి మొగుడు. ఆయన అదే లాండ్రీ వ్యాను నడిపేవాడు, ఊళ్లు తిరిగేవాడు. ఆయన్ని అడగాలంటే ముందు ఆ మాట నోటి దాకా రావాలి, వచ్చాక ఇంట్లో కాపురం మిగలాలి. రెండోది తువ్వాలు. మొగుణ్ని అనుమానించడం కంటే తువ్వాలుని అనుమానించడం తేలిక. నిజం చెప్పుకోవాలంటే గంజక్క చేసింది ఆ తేలికైన పనే. ఒకసారి అటు తిరిగాక అన్నీ అటే కలిసొచ్చాయి. మూటల వదిన తొడలు ఒరిసిపోయి మంటగా ఉన్నాయని ఆ మధ్య ఏదైనా ఆయింట్‌మెంటు ఉందా అని అడిగింది కదా. రోజంతా ఆసుపత్రి మూటల్లో చేతులు పెట్టేది ఆవిడే కదా. మురికి వైపు మనిషే కదా.

సూపర్‌వైజరు దగ్గరికి వెళ్లి తలుపు దగ్గరగా వేసి చెప్పింది. తనకి వచ్చిందని చెప్పలేదు. ఆ వైపు ఒకావిడకి చెప్పకూడని చోట ఏదో అంటువ్యాధి ఉందనీ, ఒకే గదిలో తువ్వాళ్లు తగిలించుకుంటున్నామనీ, అందులో పిల్లల తల్లులున్నారనీ చెప్పింది. ఎవరని ఆయన అడిగితే మూడో నంబరు మిషను అంది. అంతే. ఆయన చెడ్డవాడేం కాదు, పాఠం బాగా వంటబట్టినవాడు. మర్నాడు మూటల వదిన కొక్కేన్ని స్నానాల అర అవతలికి మార్చారు. స్టూలు మీద కూర్చోవద్దన్నారు. వారంలో ఆ కొక్కెం పక్కన గోడ మీద ఎవరో సుద్దముక్కతో అంటుకుంటుంది అని రాశారు. భోజనాల దగ్గర ఆవిడ కూర్చున్న బల్ల ఖాళీ అయిపోయేది. మొదట్లో ఆవిడ నవ్వి, నాకేం కొమ్ములు మొలిచాయా అని అడిగింది. తర్వాత అడగడం మానేసింది. నెల తిరక్కుండానే పని మానేసింది.

చివరి రోజు పొద్దున మూడో నంబరు మిషను తలుపు మీద రెండుసార్లు తట్టిన చప్పుడు గంజక్కకి వినపడింది. చేతులు దుప్పటి మీదే ఉంచుకుని నిలబడింది. కాసేపాగి మళ్లీ రెండుసార్లు వినపడింది. తిరిగి తట్టలేదు.

దీని తర్వాత పదకొండేళ్లు గడిచాయి. గడిచాయనే గానీ, గంజక్కకి మటుకు ఆ ఏళ్లన్నీ ఒకే గదిలో తిరిగినట్టుండేవి. తన తువ్వాలు విడిగా ఉడకబెట్టుకునేది. లోబట్టలు రెండుసార్లు మరిగించేది. మొగుడు పక్కకి వస్తే వేడి చేసిందనో, నడుం పట్టేసిందనో చెప్పి గోడ వైపు తిరిగేది. ఆయన కొన్నాళ్లు అలిగాడు, కొన్నాళ్లు బతిమాలాడు, తర్వాత వసారాలో మంచం వేసుకున్నాడు. తనేం తప్పు చేశానని ఒకే ఒక్కసారి అడిగాడు. ఇన్ని చేసినా అది మాత్రం వచ్చేది. ఏడాదికోసారి, ఒక్కోసారి రెండేళ్లకి, జ్వరం వచ్చినప్పుడో ఒళ్లు అలిసిపోయినప్పుడో, ఎడమ తొడ మీద ఆ వేలి గీత. పేరు పెట్టి పిలిచినట్టే ఉండేది.

లాండ్రీలో మూడో నంబరు మిషను దగ్గర వేరే మనిషి చేరింది. ఆవిడ తలుపు తట్టే రకం కాదు. అయినా అప్పుడప్పుడూ గంజక్కకి ఆ చప్పుడు వినపడేది. డ్రమ్ములో బొత్తామేదో కొట్టుకుంటోందని తనకి తనే చెప్పుకునేది. మిషను ఆగాక గుడ్డలు దులిపి చూసేది. బొత్తాం దొరికిన రోజు హాయిగా ఉండేది. దొరకని రోజు అన్నం సయించేది కాదు.

మూడేళ్ల కిందట మొగుడు గుండె ఆగి పోయాడు. పొద్దున వ్యాను తాళాలు తీసుకుని చెప్పులు వేసుకుంటూ కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. ఆయన పోయిన పదకొండు నెలలకి మళ్లీ పొక్కులు వచ్చాయి. వదిన లేదు, తువ్వాలు లేదు, ఇప్పుడు మొగుడూ లేడు. ఇంట్లో తనొక్కతే. మరి ఎవరు అంటిస్తున్నారు? పక్క దులిపి, ఇల్లంతా కడిగి, దుప్పట్లన్నీ లాండ్రీకి పట్టుకెళ్లి ఆసుపత్రి మూటలతో కలిపి ఉడికించింది. ఆ రోజు నుంచి ఖాళీ ఇంట్లో తలుపు గడియ వేసుకుని స్నానం చేయడం మొదలుపెట్టింది.

ఈ ఏడాది ఎండలు ముదిరే వేళకి లాండ్రీలో ఒక అమ్మాయి చేరింది. పందొమ్మిదేళ్లుంటాయి. గంజక్కకి ఎదురుగా దుప్పట్లు మడిచే పని ఇచ్చారు. దుప్పటి మడవడానికి ఇద్దరు కావాలి. చెరో అంచు పట్టుకుని, ఒకరి దగ్గరికి ఒకరు నడిచి, కొసలు చేతికి అందించుకోవాలి. ఈ అమ్మాయి దగ్గర దాకా వచ్చి, కొసలు చేతికివ్వకుండా బల్ల మీద పెట్టి, చేయి వెనక్కి తీసుకునేది. గంజక్క వాటిని బల్ల మీద నుంచి తీసుకోవాలి. మొదటి రోజు పొగరనుకుంది. రెండో రోజు ఏదో మొక్కుబడనుకుంది. మూడో రోజు పని సాగట్లేదని కసిరింది. ఆ అమ్మాయి తడబడి క్షమించమంది. ఇంట్లో అలా అలవాటైపోయిందట. వాళ్లమ్మకి ఏదో అంటుకునే జబ్బుందట, పైకి కనపడదట. ఆవిడ ఏదీ చేతికివ్వదు, చేత్తో తీసుకోదట.

"మా అమ్మ ఇక్కడే చేసేదంట," అంది ఆ అమ్మాయి. "మూడో నంబరు మిషను దగ్గర."

గంజక్క చేతిలోని దుప్పటి కింద పడింది. శుభ్రం వైపు నేల మీద పడిన గుడ్డను మళ్లీ మురికి వైపు పంపాలి. ఆ అమ్మాయే తీసి పంపింది.

ఆ వారం గంజక్క ఎలా పనిచేసిందో ఆవిడకే తెలియదు. ఇన్నేళ్లూ ఆవిడ లెక్కలో రోగమున్న మనిషి మూటల వదిన, దాన్ని తెచ్చుకున్న అమాయకురాలు తను. వదిన ఎక్కడో ఆ పొక్కులతోనే అవస్థ పడుతూ ఉంటుందని, తనూ పడుతోంది గనక చెల్లుకి చెల్లని సరిపెట్టుకుంది. కానీ పైకి కనపడదట అన్న మాట బుర్రలో ముల్లులా దిగింది. తనకి కనపడుతుంది. కనపడి, చిట్లి, మండి, మానుతుంది. కనపడని జబ్బు ఆవిడకి ఉందని చెప్పిందెవరు? ఆ ఆలోచనతోనే నాలుగు రోజులు నిద్ర లేక ఒళ్లు వెచ్చబడింది. ఐదో రోజు ఎడమ తొడ జివ్వుమంది. ఈసారి గంజక్క తువ్వాలు ఉడకబెట్టలేదు. పొక్కులు చిట్లకముందే సెలవు పెట్టి ఆసుపత్రికి వెళ్లింది. ఇరవై రెండేళ్లుగా ఆ ఆసుపత్రి దుప్పట్లు ఇస్త్రీ చేసింది గానీ, చూపించుకోవడానికి గడప తొక్కడం అదే మొదటిసారి.

డాక్టరమ్మ కుర్రది. తెర వేసి, పరీక్ష చేసి, దూది చుట్టిన పుల్లతో పొక్కులోంచి తడి తీసి సీసాలో పెట్టింది. వారం తర్వాత రమ్మంది. వెళ్తే హెర్పిస్ అంది. అదొక వైరస్ అనీ, అందులో రెండు రకాలున్నాయనీ, ఈవిడకి ఉన్నది ఎక్కువగా పెదవుల మీద కనపడే రకమనీ చెప్పింది. మొదటిసారి జ్వరంతో, బిళ్లలతో గట్టిగా వస్తుంది. తర్వాత వెన్నెముక దగ్గర నరాల్లోకి వెళ్లి పడుకుంటుంది. ఒంట్లో ఓపిక తగ్గినప్పుడు అదే నరం వెంట పైకి వస్తుంది, అందుకే అదే చోట తేలుతుంది. కొత్తగా ఎవరూ అంటించక్కర్లేదు. పూర్తిగా పోగొట్టే మందు లేదు గానీ, జివ్వుమన్నప్పుడే మొదలుపెడితే త్వరగా అణిగే మాత్రలున్నాయి. ప్రాణానికి భయం లేదు. ఇవన్నీ గంజక్క తల వంచుకుని విన్నది. విని, తను అడగడానికి వచ్చిన ఒక్క మాటా అడిగింది.

"తువ్వాలుతో వస్తుందా అమ్మా?"

"రాదు. తువ్వాలుతో, బాత్రూముతో, కుర్చీతో రాదు. ఒంటి నుంచి బయటపడ్డాక గుడ్డ మీద అది ఎక్కువసేపు బతకదు. చర్మానికి చర్మం తగిలితేనే వస్తుంది. నోటి నుంచి కిందకి రావచ్చు, కింద నుంచి కిందకి రావచ్చు. పొక్కు లేని రోజున కూడా రావచ్చు, అందుకే చాలామందికి తమకి ఉన్నట్టే తెలియదు."

తర్వాత డాక్టరమ్మ గొంతు తగ్గించి, మీ ఆయనకి పెదవి మీద పొక్కులు వచ్చేవా అని అడిగింది. గంజక్క గోడ మీది కేలండరు వైపు చూసింది. వచ్చేవి. చలి మొదలవగానే కింది పెదవి మీద జ్వరం పొక్కు లేచేది. తనే వెన్న రాసేది. పొక్కు పెదవితో నవ్వితే ఆయన మొహం వంకరగా ఉండేదని ఆటపట్టించేది. ఆయన నోరు తన ఒంటి మీద ఎక్కడెక్కడ తిరిగిందో గంజక్కకి తెలుసు. ఆ రోజుల్లో అదొక సంతోషం, ఎవరికీ చెప్పుకునేది కాదు. డాక్టరమ్మ ఆవిడ మొహం చూసి, ఆయన తప్పుదారి పట్టాడని దీనికి అర్థం కాదంది. చిన్నప్పుడు ఎవరో ముద్దుపెట్టుకుంటే వచ్చి ఉండొచ్చు, ఆయనకీ తెలిసి ఉండదంది. ఎవరి నుంచి ఎప్పుడు వచ్చిందో కచ్చితంగా ఎవరూ చెప్పలేరని కూడా అంది.

గంజక్క ఇంకొక సంగతి అడిగింది. ఒకావిడకి తొడలు ఒరిసి మంటగా ఉండేది, పొక్కుల్లేవు, రోజూ బ్లీచింగు నీళ్లు చిందిన తడి యూనిఫారంతోనే ఉండేది, అది ఇదేనా అని. డాక్టరమ్మ చూడకుండా చెప్పలేనంది. కింద మండే ప్రతిదీ హెర్పిస్ కాదు, తడికీ మందు నీళ్లకీ చర్మం చెడొచ్చు, వేరే కారణాలు ఇంకా ఎన్నో ఉంటాయి, ఆవిణ్ని వచ్చి చూపించుకోమనండి అంది. గంజక్క చీటీ మడిచి పట్టుకుని బయటికి వచ్చి, ఆసుపత్రి మెట్ల మీద చాలాసేపు కూర్చుంది. వసారాలో మంచం వేసుకున్న మొగుడు గుర్తొచ్చాడు. ఆయన దగ్గరికి వెళ్లి చెప్పే వీలు ఇంక లేదు. చెప్పే వీలున్న మనిషి ఒకావిడ మిగిలి ఉంది. చెబితే తనే నింద వేసిందని తేలిపోతుంది, రేపు లాండ్రీలో ఆ సుద్దముక్క రాత తన కొక్కెం పక్కనే పడుతుంది. చెప్పకపోతే ఆ ఇంట్లో ఆ తల్లి ఇలాగే బతుకుతుంది. లేచి, హాజరు పట్టీలో చూసి పెట్టుకున్న ఆ అమ్మాయి చిరునామాకి నడిచింది.

రెండో అంతస్తులో ఒక గది, ఒక వంటిల్లు. తలుపు తీసిన మనిషిని గంజక్క గుర్తుపట్టలేకపోయింది. ఊరుకోని నోరున్న మనిషి కాస్తా, నోరే లేనట్టు చిక్కిపోయింది. వదినా అని పిలిచాక కూడా ఆవిడ గుమ్మంలోనే నిలబడి, లోపలికి వస్తే దేన్నీ ముట్టుకోవద్దని చెప్పింది. గదిలో మధ్యగా తాడు కట్టి, దుప్పటి వేలాడదీసి ఉంది. ఇవతల అమ్మాయి మంచం, పుస్తకాలు, అద్దం. అవతల ఒక చాప, ఒక బకెట్టు, ఒక కంచం, విడిగా ఆరేసిన రెండు తువ్వాళ్లు. గది మధ్యలో ఒక గోడ. లాండ్రీ గోడకంటే పల్చటిది, అంతే.

కూర్చోమనక ముందే చెప్పేసింది. ముందు వెనకా లేకుండా, దాచుకోకుండా చెప్పింది. సూపర్‌వైజరుకి చెప్పింది తనే అంది. పొక్కులు నావని, నీకున్నాయని కల్పించానని అంది. అది తువ్వాలుతో రాదంది, నీ నుంచి రాలేదంది, డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పింది. మూటల వదిన అరవలేదు, ఏడవలేదు. నువ్వేనని నాకు అప్పుడే తెలుసంది. చివరి రోజు తలుపు తట్టింది తిట్టడానికి కాదంది. నాకు ఏముందో నీకు తెలిసినట్టుంది, అదేంటో అడుగుదామని తట్టానంది.

ఆవిడకి ఆ మంట పని మానేసిన నెలకే తగ్గిపోయిందట. మళ్లీ రాలేదట. కానీ పైకి కనపడకపోయినా లోపల ఉంటుందని, జాగ్రత్తగా లేకపోతే పిల్లకి అంటుతుందని సూపర్‌వైజరు చెప్పి పంపాడట. డాక్టరు దగ్గరికి వెళ్లి ఏ మొహంతో చూపించుకోవాలి? పిల్లని కాపాడుకుంటే చాలనుకుందట.

"అయితే నాకది లేదంటావా?"

"నాకు తెలియదు వదినా. డాక్టరు చూడాలి. కానీ ఒకవేళ ఉన్నా..."

"ఉన్నా?"

"ఉన్నా తువ్వాలుతో రాదు. పక్కలో పడుకోబెట్టుకుంటే రాదు. జడేస్తే రాదు, అన్నం కలిపి పెడితే రాదు."

మూటల వదిన వేలాడుతున్న దుప్పటి వైపు చూసింది. దానికప్పుడు ఎనిమిదేళ్లు అంది. జడ వేసుకోవడం అద్దం ముందు కూర్చోబెట్టి, ఇక్కణ్నుంచి నోటితో చెప్పి నేర్పించానంది. టైఫాయిడు వచ్చినప్పుడు తాడు దగ్గర నిలబడి, ఎలా ఉందే అని అడుగుతూ తెల్లార్లూ గడిపానంది. అది అమ్మా రావే అని పిలిచి పిలిచి, తర్వాత పిలవడం మానేసిందట. కాస్త పెద్దయ్యాక అదే తనని జాగ్రత్త చెప్పేదట, దగ్గరికి రాకమ్మా, రేపు నాకు పరీక్ష ఉంది అని. ఇవన్నీ ఎవరో ఇంకొకరి ఇంటి సంగతుల్లా చెప్పింది. గంజక్క కాళ్లు పట్టుకోబోయింది. ఆవిడ అలవాటుగా వెనక్కి జరిగింది.

రేపు లాండ్రీలో అందరి ముందూ నిలబడి చెబుతానంది గంజక్క. సుద్దతో రాసిన చోటే నా పేరు రాసుకుంటానంది. మూటల వదిన చేయి ఊపి ఆ మాట పక్కకి నెట్టేసింది.

"లాండ్రీ సంగతి తర్వాత చూసుకో. అది ఐదున్నరకి వస్తుంది. దానికి చెప్పు. నేను చెబితే నమ్మదు వదినా. ముట్టుకోవాలని ఆశపడి అబద్ధం చెబుతున్నాననుకుంటుంది."

గోడ గడియారం ఐదుంబావు చూపిస్తోంది. గంజక్క కుర్చీ అంచున కూర్చుంది. మూటల వదిన నిలబడే ఉంది. చీర కుచ్చెళ్లు సర్దుకుంది, చేతులు కడుక్కుంది, తుడుచుకుంది, మళ్లీ కడుక్కుంది. మెట్ల మీద చెప్పుల చప్పుడు వినపడింది. అమ్మాయి తలుపు నెట్టుకుని లోపలికి అడుగు పెట్టి, ఇంట్లో పరాయి మనిషిని, అందులోనూ గంజక్కని చూసి ఆగిపోయింది. గంజక్క లేచి నిలబడింది. ఇరవై రెండేళ్లలో మొదటిసారి ఆవిడ వీపు నిటారుగా లేదు.

"అమ్మా, ఆ జబ్బు నాది. మీ అమ్మ నుంచి నాకు రాలేదు. మీ అమ్మ ముట్టుకుంటే నీకూ రాదు. మీ అమ్మకి ఉందని అబద్ధం చెప్పింది నేనే."

ఆ అమ్మాయికి అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. అర్థమయ్యాక కూడా గంజక్క వైపు చూడలేదు. వాళ్లమ్మ రెండు చేతులూ కొంచెం ముందుకి చాపి నిలబడి ఉంది, తడి చేతులు. అమ్మాయి రెండడుగులు వేసి ఆగింది. ఇంకా ఎంత దగ్గరికి వెళ్లొచ్చో తెలియక, అక్కడే నిలబడి తల్లి చేతుల వైపు చూస్తోంది.